కిష్టప్ప ఎగ్గొట్టిన గోడ

పటాన్‌చెరుల ఇండ్లు కట్టేటోళ్లు ఎంతమందన్న దొరుకుతరు. కూలగొట్టేటోడంటే మాత్రం కిష్టప్పనే. ఈ మాటకు వేరేటోళ్లకు కోపమొస్తే రానియ్యిండ్రి, నాకేం భయం లేదు. మిషన్ ఉన్నోడల్లా ఇల్లు కూలగొడ్తడు. ఒక ఇల్లు కూలగొట్టి పక్కిల్లు నిలబెట్టేటోడు వేరే ఉంటడు. ఇండ్లు భుజం భుజం రాసుకుంట నిలబడే గల్లీలల్ల నడిమి ఇల్లు తీసేస్తే ఇరువైపుల ఇండ్లల్ల గోడ మీది క్యాలెండర్ కూడ ఒరగొద్దు. కిష్టప్ప చేసేది ఆ పని.

ఆయన పద్ధతి జెర గమ్మతిగ ఉంటది. పని ఒప్పుకున్నంక ముందుగాల ఆ ఇంట్లకు పోడు, పక్కింట్లకు పోతడు. "అక్కా, రేపట్నుంచి దుమ్ము లేస్తది, తిట్టుకోకుండ్రి" అని కూసుంటడు. చాయ పోయించుకుంటడు. తాగుకుంట గోడలన్నీ చూస్తడు. యాడన్న పాత పగులు కనబడితే, ఉడికిచ్చిన మైదాపిండితోటి దాని మీద అడ్డంగ ఒక కాగితం ముక్క అంటిస్తడు. పని నడిచినన్ని దినాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి ఆ కాగితం చూస్తడు. కాగితం చినగలేదంటే గోడ కదలలేదన్నట్టు. ముప్పై ఐదేండ్లల్ల కిష్టప్ప అంటించిన కాగితం ఒక్కటి చినగలే. ట్రాలీ ఆటో వెనక "పక్కింటికి గీత పడనియ్యం" అని పసుపు రంగుతోటి రాయించుకున్నడు, కింద ఫోన్ నంబరు. ఆ ఒక్క మాట మీదనే ఆయన బతుకంత నడిచింది.

మొన్న ఎండకాలం పవన్‌కుమార్ అనేటాయన ఫోన్ చేసిండు. బొల్లారంల మందుల కంపెనీల క్వాలిటీ చూసే నౌకరి. "మా ఇల్లు పాతదైపోయిందండీ. తీసేసి మూడంతస్తులు వేద్దామని. మీరొకసారి వచ్చి చూడండి" అన్నడు. కిష్టప్ప కొడుకు శ్రావణ్‌కుమార్ ఫోన్ల లొకేషన్ పెట్టుకొని ఆటో నడిపిండు. గల్లీ మలుపు తిరిగిందో లేదో, కిష్టప్పకు చెమటలు పట్టినయి. ఎండకనుకొని శ్రావణ్ నీళ్ల సీసా ఇచ్చిండు. అది ఎండ చెమట కాదు.

ఆ ఇల్లు కిష్టప్ప కట్టిందే.

ముప్పై ఏడేండ్ల కింది ముచ్చట. అప్పుడాయనకు ఇరవై ఒక్కటి, వెంకటరామయ్య మేస్త్రి కింద తాపీ పట్టుడు నేర్చుకుంటుండె. పెద్ద ప్లాంటుల పని చేసే ఇద్దరు దోస్తులు పక్కపక్క ప్లాట్లు కొని ఒక్కసారే ఇండ్లు మొదలువెట్టిండ్రు. ఒకాయన రామలింగేశ్వరరావు, ఈ పవన్‌కుమార్ వాళ్ల నాయన, తెనాలి దిక్కు నుంచి నౌకరికొచ్చి ఇక్కడనే పాతుకపోయినాయన. ఇంకొకాయన అంజయ్య, జిన్నారం దిక్కు రైతు, ప్లాంటుల నౌకరి దొరికితే నాగలి ఇడిచినోడు. నక్షల, అంటే ప్లాను కాగితంల, రెండిండ్ల నడుమ రెండు గోడలున్నయి. ఎవరి గోడ వాళ్లది, ఒక్కొక్కటి తొమ్మిదంగుళాలు. ముందటి అర్రలకు అట్లనే లేసినయి. వెనక వంటర్రల కాడికొచ్చేసరికి వెంకటరామయ్యకు జరమొచ్చింది. "నేనొచ్చేసరికి ఆ రెండు గోడలు లేపి సిమెంటు గిలాబు చేసి పెట్టు" అని కిష్టప్పకు అప్పజెప్పి ఊరికి పోయిండు.

ఇటుకల లారీ రాలే. ఉన్న ఇటుక చూస్తే ఒక్క గోడకే సాలుతది. ఇంకో దిక్కు మంగళవారం ముంచుకొస్తున్నది. ఆ మంగళవారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గభవాని గుడికాడికి బాలమణి అనే పిల్లను తోలుకొని వాళ్లోళ్లు వస్తున్నరు, పెండ్లిచూపులు. ఇరవై ఒక్కేండ్ల పిలగానికి గోడ ఎక్కువా, పిల్ల ఎక్కువా మీరే చెప్పుండ్రి. "ఈ ఇద్దరు ఒక్క డబ్బల తింటరు, ఒక్క బండి మీద డ్యూటీకి పోతరు, నడుమ గోడ ఒక్కటే ఉంటే ఏమైతది" అని తనకు తనే తీర్పు చెప్పుకొని, రెండు గోడల జాగల నట్టనడుమ ఒక్క గోడ లేపిండు. అటు గిలాబు, ఇటు గిలాబు. ఇటు నుంచి చూస్తే వీళ్ల గోడ, అటు నుంచి చూస్తే వాళ్ల గోడ. మంగళవారం నెత్తికి నూనె రాసుకొని గుడికాడ నిలబడ్డడు. మేస్త్రి తిరిగొచ్చి, "జల్దీ లేపినవురా" అని భుజం తట్టిండు. ఎనకొచ్చిన ఇటుక కాంపౌండు గోడకు పోయింది. రెండు ఇండ్ల స్లాబులు ఆ ఒక్క గోడ మీదనే వచ్చి కూసున్నయి.

స్లాబు పడ్డంక కిష్టప్పకు తను చేసిన పని బరువెంతో తెలిసొచ్చింది. గట్టి వాన పడితే చాలు, సైకిలేసుకొని ఆ గల్లీకి పోయి ఇండ్లు నిలబడ్డయా అని చూసొచ్చేటోడు. రెండేండ్లు గిట్లనే పరేషాన్ అయి, తాపీ పారేసి గడ్డపార పట్టిండు. మంచిగ కట్టేటోనివి ఎందుకు ఇడిచినవంటే, "కట్టినోని తప్పు నూరేండ్లు నిలబడి చూస్తది. కూలగొట్టినోని తప్పు సాయంత్రానికి ట్రాక్టరెక్కుతది" అని నవ్విచ్చేటోడు. నవ్వినోళ్లు నవ్విండ్రు గని ఎవ్వలు ఎనకకు తిరిగి అడగలే.

ఇగ ఆ ఇంటి ముందే ఆటో ఆగింది. పవన్‌కుమార్ వాళ్లమ్మ కమలాకుమారి ఇల్లంత తిప్పి చూపిచ్చింది. అరవై ఆరేండ్ల మనిషి, నడక చూస్తే నలభై. ఈ తాపీ పిలగాడు ఆమెకు యాదిల లేడు. వంటింట్లకు తీస్కపొయ్యి గోడ మీద చెయ్యి పెట్టి మురిసిపోయింది.

"మా వంటగది ప్లాన్లో కంటే పెద్దదొచ్చిందయ్యా. ఆ రోజుల్లో మేస్త్రుల చెయ్యి అంత ధారాళంగా ఉండేది. పక్కింటి వదినది కూడా అంతే. ఇద్దరం మాకంటే మాకు కలిసొచ్చిందని చెప్పుకుంటూ ఉంటాం."

అంతల్నే గోడ అవతలి నుంచి చప్పుడొచ్చింది. టక్, టక్, టక్. కమలాకుమారి అప్పడాల కర్ర తీసుకొని గోడ మీద రెండుసార్లు కొట్టింది.

"మూడుసార్లు కొడితే టీ అయిందని. రెండు కొడితే వస్తున్నానని. మా వదినకీ నాకూ ఫోన్ అవసరం లేదు" అన్నది.

వదినంటే నర్సింహమ్మ, అంజయ్య పెండ్లాం. అంజయ్య పోయినంక ఆ వెనక వంటర్రలనే బతుకుదెరువు పెట్టుకున్నది. ముగ్గురు ఆడోళ్లను పెట్టుకొని, బొల్లారం షిఫ్టులకు కంపెనీ బస్సులల్ల పోయే నలభై మందికి అన్నం డబ్బలు కడ్తది. పొద్దు పొడవకముందే ఆ అర్రల నాలుగు పొయ్యిలు మండుతయి. కమలాకుమారి ఇంటి గోడ అని మిషన్ తోటి ఆ గోడను గుద్దితే, నర్సింహమ్మ స్లాబు ఆ నాలుగు పొయ్యిల మీద, ఆ నలుగురు ఆడోళ్ల మీద పడ్తది. ఆ సంగతి ఈ భూమ్మీద ఎరిగినోడు ఒక్క కిష్టప్పనే.

బయటికి రాంగనే శ్రావణ్ అడిగిండు. "నాయినా, పక్కింట్లకు పోయి చాయ తాగవా?"

"ఇయ్యాల వద్దు, కడుపు మంచిగ లేదు" అన్నడు కిష్టప్ప. ముప్పై ఐదేండ్లల్ల పక్కింటి చాయ ఎగ్గొట్టింది ఆ ఒక్కరోజే.

ఆయన మనసుల ఒక ఉపాయం పుట్టింది. ఈ పని ఎట్లన్న తనకే రావాలె. వస్తే ఇల్లంత ఒక్కొక్క ఇటుక చేత్తోటి ఇప్పి, ఆ ఒక్క గోడ మాత్రం చప్పుడు కాకుంట ఇడిచిపెట్టి, ఏదో సాకు చెప్పి బయటపడొచ్చు. నిజం చెప్పే పని లేదు, ఎవ్వలకు దెబ్బ తగలదు. మంచి ఉపాయమే. కానీ పవన్‌కుమార్ క్వాలిటీ చూసే మనిషి, ఆయన కాడ ఉపాయాలు నడవయి. "పదకొండు రోజులా? సిటీ నుంచి కంపెనీ వాళ్లు రెండు రోజుల్లో తీసేస్తామంటున్నారు. హెల్మెట్లు, ఇన్సూరెన్సు, ఇంజనీరు, అన్నీ వాళ్లవే" అన్నడు. కిష్టప్ప రేటు సగానికి దించిండు. ఆఖరికి, "సారు, ఊకెనే చేస్త" అని కూడ అన్నడు. పవన్‌కుమార్ రెండడుగులు ఎనకకు ఏసిండు. "ఏమనుకోకండి కిష్టప్ప గారూ, ఊరికే చేస్తానంటే నాకింకా భయం వేస్తోంది." పని కంపెనోళ్లకు పోయింది. నేనున్నా అట్లనే చేద్దును, ఆయన్ని ఏమనేటట్టు లేదు.

కంపెనీ ఇంజనీరు పేరు లక్ష్మీప్రసన్న. ముప్పై లోపు పిల్ల, పనిల మాత్రం గట్టిది. టేపు పట్టుకొని ఇల్లంత కొలిచింది. ఆ రోజు కిష్టప్ప ఊకుండలేక, పాత తలుపులు చూస్తనని సాకు పెట్టుకొని ఆడనే తిరుగుతుండె. వంటింటి కాడికొచ్చేసరికి ఆమె టేపు ఒకసారి చూసింది, నక్ష ఒకసారి చూసింది, మళ్ల కొలిచింది.

"పెద్దాయనా, ప్లాన్‌ కంటే ఈ గది నాలుగున్నర అంగుళాలు ఎక్కువొస్తోంది. ఎందుకంటారు?"

గదే సందు. దేవుడు తలుపు తీసి పెట్టినట్టు. ఆ ఒక్క మాట చెప్తే అయిపోవు. కిష్టప్ప పైకి చూసి, "పాత కట్టడం గద మేడం, జెర అటిటు ఐతది" అన్నడు. ఆ పిల్ల తలూపింది. అయినా కాగితం మీద ఆ నాలుగున్నర రాసి, చుట్టు గుండ్రంగ గీత గీసింది. కిష్టప్పకు అన్నం సహించలే.

సాయంత్రం పెండ్లాం బాలమణి కందులు ఏరుకుంట అడిగింది, ఏమైందని. ముప్పై ఏడేండ్లు కడుపుల పెట్టుకున్నదంత ఆమె ముందు గుమ్మరిచ్చిండు. ఆమె చాట పక్కకు పెట్టింది.

"గట్లనా. అయితే నన్ను చూడనీకె వచ్చి ఆ గోడ ఎగ్గొట్టినవన్నట్టు."

"నీ కోసమే గద."

"నా మీద పెట్టకు. నేను రమ్మన్ననా? ఆ రోజు గాకపోతే ఆ తర్వాతి మంగళవారం వస్తుంటిమి. మేమేం పారిపోతుంటిమా?" అన్నది. చాట మళ్ల దగ్గరికి గుంజుకున్నది. "బొల్లారం దిక్కు పని పడ్డప్పుడల్ల నర్సింహమ్మ డబ్బల కూర నువ్వు తిన్నవ్, నీ కొడుకు తిన్నడు. రేపు ఆమెకేమన్న అయితే ఈ ఇంట్ల ముద్ద దిగుతదా? పోయి చెప్పు. తిడ్తరు, తిట్టనీ. ఆటో వెనక రాసుకున్నది తుడిపేసుకుందువు గని."

పొద్దున కిష్టప్ప పోయేసరికి మిషన్ గల్లీల దిగుతున్నది. దాని కొనకు పెద్ద ఉక్కు ముక్కు ఉన్నది, ఇగ మొదటి దెబ్బ వంటింటి దిక్కు నుంచేనట. కిష్టప్ప పోయి దాని ముందల నిలబడ్డడు. ఆపరేటర్ బీహార్ పిలగాడు, "చాచా, హట్ జావో" అంటున్నడు. ఈన జరగలే. పవన్‌కుమార్, లక్ష్మీప్రసన్న ఉరికొచ్చిండ్రు. లోపల సామాన్లు తీపిస్తున్న కమలాకుమారి బయటికొచ్చింది.

"ఆడ రెండు గోడలు లెవ్వు" అన్నడు కిష్టప్ప. "ఒక్కటే ఉన్నది. రెండు స్లాబులు దాని మీదనే ఉన్నయి. కట్టింది నేనే. ముప్పై ఏడేండ్ల కింద ఇటుక సాలక, పెండ్లిచూపులకు పోయేది ఉండి, ఒక్కటే లేపిన. నిన్న మేడం అడిగితే అబద్ధం చెప్పిన."

ఎవ్వలు నమ్మలే. పవన్‌కుమార్‌కైతే ఇది పని గుంజుకొనేతందుకు ఏసిన ఎత్తనే అనిపిచ్చింది. లక్ష్మీప్రసన్న మాత్రం తన కాగితం మీది గుండ్రం గీత చూసుకున్నది. మిషన్ బందు చేపిచ్చి, చేతి డ్రిల్లు తెప్పిచ్చి, కమలాకుమారి వంటింటి గోడకు బొక్క పెట్టింది. తొమ్మిదంగుళాలు పోయినంక ఇంకో గోడ తగలాలె. తగల్లే. డ్రిల్లు ఖాళీల తిరిగింది. ఆ గడియకే అవతలి నుంచి గిన్నెలు పడ్డ చప్పుడొచ్చింది, ఎనుకనే నర్సింహమ్మ వచ్చింది. నెత్తి మీద, భుజాల మీద కారంపొడి. డ్రిల్లు పోయి ఆమె కారం డబ్బను కిందికి నూకింది.

"ఎవ్వల్రా నా గోడకు బొక్క పెట్టింది?"

సంగతంత ఆమెకు మళ్ల చెప్పాల్సొచ్చింది. కిష్టప్పనే చెప్పిండు, తల దించుకొని, ఒక్క ముక్క దాచకుంట. నర్సింహమ్మ కారం దులుపుకొనుడు మానేసి ఇన్నది.

"అంటే, నేను ఇన్నేండ్లు నలభై మందికి అన్నం వండింది నీ పెండ్లిచూపుల కిందనా? ఆ స్లాబు కింద నా మొగడు పండుకున్నడు, నా పిల్లలు పెరిగిండ్రు. ఒక్కనాడన్న వచ్చి చెప్పవా? ఇంటింటికి పోయి కాగితాలు అంటిస్తవట, నా ఇంటికి రాకపోతివి" అన్నది. గట్టిగ కూడ అనలే. మెల్లగ అన్నది, అందుకే ఎక్కువ తగిలింది. కిష్టప్పకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అప్పటిదాకా ఆ బొక్కలకెల్లి అవతలి అర్ర చూస్తున్న కమలాకుమారి ఇటు తిరిగింది.

"వదినా, మావారు వంటగది పక్క స్నానాల గదిలో పడిపోయిన రోజు గుర్తుందా?"

"ఎందుకు యాదికుండదు?"

"మధ్యాహ్నం. నేను బజారుకెళ్లాను, పవన్ కాలేజీలో ఉన్నాడు. ఆయన పడి మూలిగితే నువ్వు విన్నావు. తలుపు పగలగొట్టించి ఆటోలో వేసుకెళ్లావు. నువ్వెలా విన్నావో నాకెప్పుడూ అర్థం కాలేదు. రెండు గోడలుంటే వినపడేదా అది?"

పవన్‌కుమార్ బొక్క దిక్కు చూసిండు, కిష్టప్ప దిక్కు చూసిండు. ఆ మధ్యాహ్నం తర్వాత వాళ్ల నాయన ఇంక పదకొండేండ్లు బతికిండు. పవన్ కొలువు చూసిండు, పెండ్లి చూసిండు, మనవరాలు స్నిగ్ధను ఎత్తుకున్నడు.

"దానికి దీనికి చెల్లు పెట్టకు వదినె" అన్నది ఆఖరికి నర్సింహమ్మ. "తప్పు తప్పే." కిష్టప్ప దిక్కు తిరిగింది. "నువ్వు ముందుగాల ఇంట్లకు నడువు. చాయ పెడ్త. తాగి, కాగితం అంటించు. అంటించినంకనే ఎవ్వలన్న నా గోడ జోలికి పోవాలె."

ఆ రోజు నర్సింహమ్మ ఇంట్ల ఏడు కాగితాలు అంటినయి. లక్ష్మీప్రసన్న లెక్కలేసి, ముందటి అర్రలు మిషన్ తోటి, వెనకది చేత్తోటి తీయాలన్నది. ఆ చేతులు ఎవరివో ఎవ్వలు అడగలే. కిష్టప్ప ఆరు దినాలు స్లాబును సుత్తె ఉలితోటి కొద్దికొద్దిగ కొరికి దించిండు. పొద్దున, సాయంత్రం కాకుంట, గంటకొకసారి పోయి కాగితాలు చూసిండు. నర్సింహమ్మ మొదటి రెండు దినాలు చాయ ఇచ్చింది గని మాట్లాడలే. మూడో దినం చాయల అల్లం పడ్డది. ఆరో దినం ఒక డబ్బ కట్టిచ్చింది, బాలమణికియ్యమని. ఏడు కాగితాలల్ల ఒక్కటి చినగలే. "నాయినా, ఆటో మీది రాత తుడిపియ్యాల్నా?" అని శ్రావణ్ అడిగితే, "ఉండనీ. ఇన్నేండ్లకు ఇప్పుడు నిజమైంది" అన్నడు.

నడిమి గోడ నర్సింహమ్మకే ఇడిచిపెట్టిండ్రు. పవన్‌కుమార్ కొత్త ఇంటికి తన దిక్కు వేరే గోడ రావాలె, నడుమ రెండంగుళాల సందు. ఆ గోడ కిష్టప్పనే కట్టాలని కమలాకుమారి పట్టుబట్టింది. ముప్పై ఐదేండ్లకు మళ్ల తాపీ పట్టిండు. మొదటి వరుస వంకర పోతే పీకి మళ్ల పెట్టిండు. గోడ నడుము ఎత్తుకొచ్చినప్పుడు కమలాకుమారి వచ్చి అటిటు చూసి గొంతు తగ్గించింది.

"మేస్త్రి గారూ, రెండు గోడలైతే వదిన పిలుపు వినపడదు కదా. ఏదైనా చెయ్యండి. ఆ ఇంజనీరమ్మాయికి చెప్పకండి."

కిష్టప్ప తాపీ కింద పెట్టిండు. "చేస్తనమ్మా. కానీ చెప్పే చేస్త" అన్నడు. తువ్వాలతోటి చేతులు తుడుసుకొని పోయి లక్ష్మీప్రసన్నను అడిగిండు, ఒక్క ఇటుక, ఒక్కటంటే ఒక్కటి, అడ్డంగ పెట్టి ఈ గోడకు ఆ గోడకు తాకిస్తే నష్టమున్నదా అని. ఆ పిల్ల ఎందుకని అడిగింది, ఈన చెప్పిండు. ఆమె చాలాసేపు ఆలోచన చేసి, నక్ష తీసి, పొయ్యి పక్క జాగల చిన్న ఇటుక బొమ్మ గీసి, కింద సంతకం పెట్టింది. ముప్పై ఏడేండ్లల్ల ఆ రెండిండ్ల నక్ష ఉన్నదున్నట్టు ఉన్నది ఆ రోజే.

గోడ పూర్తయి, గిలాబు ఆరినంక కిష్టప్ప సామాన్లు సదురుకుంటున్నడు. కమలాకుమారి అప్పడాల కర్ర పట్టుకొని నిలబడ్డది. కొత్త వంటింట్ల ఇంక పొయ్యి లేదు, కిటికీ లేదు. ఇద్దరు గోడ దిక్కే చూస్తున్నరు. కొద్దిసేపటికి అవతలి నుంచి వచ్చింది, జెర సన్నగ వచ్చింది గని వచ్చింది.

టక్, టక్, టక్.

కమలాకుమారి కర్ర ఎత్తబోయి ఆగింది. దాన్ని కిష్టప్ప చేతుల పెట్టింది.

"మీరే చెప్పండి, వస్తున్నామని."

కిష్టప్ప కర్ర తీసుకొని, ఆ ఇటుక ఎక్కడున్నదో తనకు తెలుసు గనుక, సరిగ్గ ఆ జాగల రెండుసార్లు కొట్టిండు.